నాలుగు మగ్గుల దాణా

కోడిపిల్లలకి ఏడో రోజు వచ్చింది మొదలు, పొద్దున పది కొట్టగానే దాణా పళ్ళాలు తీసేయాలని, మళ్ళీ సాయంత్రం ఆరింటికి గానీ పెట్టకూడదని కోళ్ళ డాక్టరు చెప్పి వెళ్ళాడు. మధ్యలో నీళ్ళు మాత్రం ఎన్ని తాగితే అన్ని తాగనివ్వాలి. ఇలా వారం రోజులు.

చెబుతున్నంతసేపూ కంగారమ్మ తలూపుతూనే ఉంది. తలూపడం వేరు, చెయ్యడం వేరు అని ఆ డాక్టరుకి తెలిసే వయసు కాదు. కళ్ళజోడు వెనక నిద్ర చాలని కళ్ళు, మోకాళ్ళ దాకా కొత్త రబ్బరు బూట్లు, చంకలో ఎప్పుడూ ఒక అట్టపుస్తకం. పనిచేసే ఆడవాళ్ళందరినీ 'అమ్మా' అనే పిలుస్తాడు. కసిరి చెప్పేవాడైతే ఎదురు చెప్పొచ్చు గాని, మెత్తగా చెప్పేవాడికి ఏమని చెబుతాం అనుకుంది.

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. గాలి వీస్తే రేకులు లేచిపోతాయని, వాన పడితే నేల మీద పరిచిన పొట్టు తడుస్తుందని, పడకపోతే నీళ్ళ ట్యాంకు అడుగంటుతుందని, ఏమీ జరక్కపోతే ఏదో పెద్దదే జరగబోతోందని ఆమె భయం. ఆ కోళ్ళ ఫారంలో అందరి తరఫునా ముందుగా భయపడే పని ఆమే నెత్తికెత్తుకుంది కాబట్టి అందరూ కలిసి ఆ పేరు ఖాయం చేసేశారు.

పెద్ద షెడ్డు చివర ఇనప జాలీ కట్టి రెండు చిన్న గదులు చేశారు. గదికి నూరేసి పిల్లలు. ఎడమ గది వదినది. వదిన ఎవరికీ వదిన కాదు, అందరికీ వదినే. ఆ గదిలో పిల్లలకి రాత్రీ పగలూ పళ్ళెం నిండా దాణా ఉంటుంది. కుడి గది కంగారమ్మది. ఇక్కడ పగలు ఎనిమిది గంటలు పస్తు. పద్నాలుగో రోజు రెండు గదుల వాటినీ తూచి, తేడా ఎంతో చూస్తారట. ఆ తేడాని బట్టి మిగతా షెడ్లలో ఏం చెయ్యాలో తేలుస్తారట.

ఎందుకయ్యా ఈ పస్తు అని వదినే అడిగేసింది. డాక్టరు విసుక్కోలేదు. ఈ జాతి పిల్లకి ఒళ్ళు పెరిగినంత వేగంగా గుండె పెరగదని, కాళ్ళలో ఎముకా గట్టిపడదని, మొదటి రెండు వారాల్లో కాస్త కడుపు కట్టి పెంచితే లోపలివన్నీ బలపడతాయని, తరవాత తిండి పెడితే తగ్గిన బరువుని అవే పూడ్చుకుంటాయని వివరంగా చెప్పాడు. అది అబద్ధమని కంగారమ్మ అనలేకపోయింది. పోయిన బ్యాచ్‌లో ఐదో వారం వచ్చేసరికి, పొద్దున శుభ్రంగా తిన్న కోడి మధ్యాహ్నానికి వెల్లకిలా పడి కాళ్ళు చాపేసేది. అలాంటివాటిని బకెట్లకెత్తి మోసింది ఆమే. పొట్ట పట్టుకుంటే లోపల నీళ్ళు కదిలేవి.

అందుకే డాక్టరు చెడ్డవాడని ఆమె అనుకోలేదు. అతనికి కాగితం కనపడుతుంది, తనకి ముక్కులు కనపడతాయి, అంతే తేడా.

పళ్ళాలు తీసిన మొదటి గంట ఏమీ జరగలేదు. పిల్లలు బల్బుల కింద కుదురుగా పడుకున్నాయి. పదకొండు దాటాక ఒకటి లేచి, పళ్ళెం ఉండే చోటికి వెళ్ళింది. పొట్టులో గుండ్రంగా అచ్చు మిగిలి ఉంది. ఆ అచ్చు మధ్యలో నిలబడి కాళ్ళతో రెండుసార్లు గీకి, తల పక్కకి వంచి చూసింది. దాని వెనక పది వచ్చాయి. పన్నెండయ్యేసరికి ఆ గుండ్రంలో చోటు లేదు. నీళ్ళ డబ్బాల దగ్గరికి పోయి తాగినవే మళ్ళీ తాగాయి. పొట్టు పొడిచాయి. జాలీలోంచి వదిన గదిలోకి తలలు దూర్చాయి. అవతల నూరు ముక్కులు దాణా మీద పడుతుంటే రేకుల మీద సన్నటి జల్లు కురుస్తున్నట్టు చప్పుడు.

"నా వైపు విందు, నీ వైపు పరీక్షలు" అంది వదిన.

కంగారమ్మ నవ్వలేదు. రెండింటికి గదిలోకి వెళ్ళి నీళ్ళు మారుస్తుంటే పిల్లలన్నీ ఆమె పాదాల మీదికి వచ్చాయి. చెప్పుల లోంచి బయటికి కనపడుతున్న కాలిగోళ్ళని గింజలనుకుని పొడవడం మొదలెట్టాయి. నొప్పేమీ లేదు. నొప్పి ఉన్నా బాగుండేది అనిపించింది. ఒకదానికి కాలివేలు వంకర. అది అందరి వెనకా పడి, పాదం అందక, నేలనే పొడుస్తోంది.

మూడింటికి ఆమె బయటికి వచ్చింది. నీళ్ళ డబ్బాలు కడుక్కునే రేకు మగ్గు కొళాయి దగ్గర బోర్లించి ఉంది. పెద్ద షెడ్డు దాణా తొట్టి తలుపు పక్కనే. ఆ తొట్టిలోది ఎవరూ తూచరు, తూచేదల్లా ఆ రెండు గదులదే. మగ్గు ముంచి, పనిచొక్కా కింద దాచుకుని లోపలికి పోయి, పొట్టు మీద విత్తనాలు చల్లినట్టు చల్లేసింది. ఇరవై లెక్కపెట్టే లోపు గింజ కనపడలేదు.

ఒక్క మగ్గే కదా, నూరు కడుపులకి ఏ మూలకి వస్తుందని తనకి తానే చెప్పుకుంది.

*

కంగారమ్మ కూతుర్ని అందరూ పిచ్చుక అంటారు. ఎనిమిదేళ్ళు. షెడ్డు వెనకే వాళ్ళుండే గది. ఆ గది పనితోపాటు వచ్చింది, పనితోపాటే పోతుంది. భర్త దాణా లారీ మీద వెళితే నాలుగు రోజులకి గాని మొహం కనపడదు. ఆ నాలుగు రోజులూ తల్లి కళ్ళు రెండూ కూతురి మెడకింద ఎముకల మీదే.

నాలుగింటికి బడి నుంచి వచ్చి షెడ్డు తలుపు దగ్గర, కాళ్ళు ముంచుకునే మందునీళ్ళ తొట్టికి ఇవతల నిలబడుతుంది పిచ్చుక. లోపలికి రాకూడదు. తల్లే చేతులు కడుక్కుని వచ్చి, సంచీ భుజం మీంచి దిగకముందే డబ్బా మూత తీస్తుంది. ఆకలేస్తోందా అని అడిగే అలవాటు వాళ్ళింట్లో లేదు. ఆ పిల్ల ముద్దని ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి తిప్పుతూ, గోడ మీద పాకే చీమల్ని లెక్కపెడుతూ, అరగంటకి సగం డబ్బా చేస్తుంది. మిగతా సగం తల్లి వెంటపడి కూరుతుంది. రాత్రి మళ్ళీ ఇదే వరస. పొద్దున మళ్ళీ.

పస్తు మొదలెట్టిన రెండో రోజు మగ్గులు రెండయ్యాయి. మూడో రోజు మూడు. అప్పటికి కోడిపిల్లలకి ఆమె చొక్కా చప్పుడు కూడా తెలిసిపోయింది. ఒంటిగంట కొట్టకముందే తలుపు దగ్గర గుంపు కట్టేవి. నాలుగో రోజూ మూడు మగ్గులతోనే సరిపెట్టింది. ఐదో రోజు వంకర వేలుది నీళ్ళ డబ్బా పక్కన కళ్ళు మూసుకుని కూచుంటే, ఇది పోయింది, దీని వెనక అన్నీ పోతాయి అనుకుంది. చేతిలోకి తీసుకుంటే కళ్ళు తెరిచి బొటనవేలు పొడిచింది. నిద్రపోతోందంతే. అయినా ఆ రోజు నుంచి నాలుగు మగ్గులు పోసింది. పన్నెండుకి ఒకటి, రెండుకి ఒకటి, మూడున్నరకి ఒకటి, అయిదుకి ఒకటి.

వదినకి తెలుసు. జాలీకి అవతలే ఉంటుంది, తెలీకపోతే వింత. ఒకసారి కొళాయి దగ్గర, నీ మగ్గుకి ఈ మధ్య పని ఎక్కువైంది, పాపం, అరిగిపోతుందేమో చూసుకో అంది.

ఆరో రోజు పిచ్చుక డబ్బాలో తిండి అసలు ముట్టలేదు. తల్లి గడ్డం పట్టుకుంది. జ్వరమేమోనని నుదురు చూసింది, మెడ చూసింది, నాలుక చాపమంది. బడిలో ఎవరైనా ఏమన్నా అన్నారా, కడుపులో నొప్పా, పడ్డావా అని ఒకదాని మీద ఒకటి అడిగింది. పిచ్చుక అన్నిటికీ అడ్డంగా తలూపి, చివరికి తల్లి చెయ్యి తన గడ్డం మీంచి మెల్లగా తీసేసింది.

"నాకు ఒక్కసారి ఆకలి వెయ్యనివ్వమ్మా" అంది.

కోపంగా అనలేదు. దాహంగా ఉంది, నీళ్ళివ్వు అన్నట్టు అంది. కంగారమ్మ డబ్బా మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. లోపల అయిదు గంటల మగ్గుకి వేళవుతోంది.

*

పద్నాలుగో రోజు పొద్దున తూకం. దూలానికి కాటా వేలాడదీసి, ప్లాస్టిక్ బుట్టలో పదేసి పిల్లల్ని ఎత్తి తగిలిస్తే డాక్టరు ముల్లు చూసి రాసుకున్నాడు. సూపర్‌వైజరు పక్కన నిలబడి చేతిగడియారం చూసుకుంటున్నాడు. అతను అందరి గంటలూ లెక్కపెడతాడని పనివాళ్ళు వెనక గంటల సారు అంటారు.

వదిన పిల్లలు సగటున నాలుగు వందల అరవై గ్రాములు తూగాయి. కంగారమ్మవి నాలుగు వందల నలభై ఎనిమిది.

డాక్టరు మళ్ళీ లెక్క వేశాడు. కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి వేశాడు. తరవాత ఆ మొహంలో వచ్చిన వెలుగు చూసి కంగారమ్మకి ముందు సంతోషమే వేసింది. తన పిల్లలు ఓడిపోలేదు. వంకర వేలుది కూడా మిగతావాటితో సమానంగా బుట్టలో ఎగురుతోంది.

"పన్నెండు గ్రాములు. ఎనిమిది గంటలు పస్తుంటే పోయింది పన్నెండు గ్రాములే" అన్నాడు డాక్టరు. "అంటే ఎనిమిది గంటలు వీటికి ఆననే లేదు. మనమే అనవసరంగా భయపడ్డాం."

అతను సూపర్‌వైజరుకి చెబుతున్న మాటలు ఆమెకి ఒక్కొక్కటే చేరాయి. పక్క షెడ్డులో నాలుగు వేల పిల్లలున్నాయి. వాటికి ఇవాళ ఆరో రోజు. రేపటి నుంచి మొదలెడదాం. గదులూ జాలీలూ అక్కర్లేదు, మొత్తం షెడ్డుకీ ఒకటే పద్ధతి. గుండె బలపడాలంటే ఎనిమిది గంటలు చాలవు, పన్నెండు కావాలి. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు.

ఆమె చేతిలో బుట్ట ఉంది. ఆ బుట్టని కింద పెట్టడానికి చోటు కోసం అటూ ఇటూ చూసింది, చుట్టూ ఖాళీ నేలే ఉన్నా.

భోజనాల వేళ వదిన దగ్గర నోరు విప్పింది. వదిన విని, తన డబ్బాలోది తినడం ఆపకుండానే, ఇప్పుడు చెప్పి ఎవరిని ఉద్ధరిస్తావంది. గంటల సారు ఆ సాయంత్రమే గది ఖాళీ చేయిస్తాడు, సామాను లారీలో పెట్టుకుని ఎక్కడికి పోతావంది. కూతురి బడి సంగతి ఆలోచించమంది. అన్నీ కంగారమ్మ రాత్రింబవళ్ళు భయపడే సంగతులే. ఇంకొకరి నోటి నుంచి విన్నాక అవి భయాల్లా లేవు, రేపు పొద్దున జరగబోయేవాటిలా ఉన్నాయి.

"ఇంకో నాలుగు వారాలకి వాటినేం చేస్తారో నీకు తెలీదా? నీ నాలుగు మగ్గులు చూసి ఎవరైనా కత్తి పక్కన పెడతారా?" అంది వదిన చివరికి.

"తెలుసు వదినా."

"తెలిస్తే తిను. చల్లారిపోతోంది."

తినలేకపోయింది. లేచి పక్క షెడ్డులోకి వెళ్ళింది. నాలుగు వేల పిల్లలు పళ్ళాల చుట్టూ పసుపు ముద్దల్లా అంటుకుపోయి తింటున్నాయి. ఒక్కటీ తల ఎత్తి చూడలేదు. ఆమెని గుర్తుపట్టాల్సిన పని వాటికి ఇంకా రాలేదు. గుమ్మంలో నిలబడి, ఆరు నుంచి ఆరు అంటే ఎలా ఉంటుందో ఊహించబోయింది. పదకొండుకి ఎలా ఉంటాయో తెలుసు. మూడుకి ఎలా ఉంటాయో మొదటి రోజు చూసింది. ఆ తరవాత ఎలా ఉంటాయి? అక్కడ ఆమె ఆలోచన ఆగిపోయింది. మొదటి రోజు మూడింటికే మగ్గు పట్టుకుంది. ఆ తరవాత పన్నెండుకే పట్టుకుంది. ఎనిమిది గంటల ఆకలి ఎలా ఉంటుందో డాక్టరే కాదు, తనూ చూడలేదు. ఈ ఫారంలో ఎవ్వరూ చూడలేదు. ఎవ్వరూ చూడనిదానికి పక్కన ఇంకో నాలుగు గంటలు కలుపుతున్నారు. కలిపిస్తున్నది తన చెయ్యి.

*

ఆఫీసు గదిలో డాక్టరు అట్టపుస్తకం నుంచి పెద్ద కాగితంలోకి అంకెలు ఎక్కిస్తున్నాడు. సూపర్‌వైజరు రేపటి పని పురమాయింపు రాస్తున్నాడు. కంగారమ్మ గుమ్మం దగ్గర నిలబడి, తడిచేతులు చొక్కాకి తుడుచుకుని, లోపలికి వచ్చి రేకు మగ్గు బల్ల మీద పెట్టింది.

"దీంతో పెట్టాను సారూ" అంది.

ఇద్దరూ మగ్గునే చూశారు.

"ఏం పెట్టావు?" అన్నాడు సూపర్‌వైజరు.

దాణా అంది. ఏ రోజు నుంచో, ఏ తొట్టిలోంచో, ఎలా దాచి తీసుకెళ్ళిందో చెప్పింది. ఒకసారి మొదలెట్టాక ఆపడం చేతకాలేదు. కాలిగోళ్ళు పొడవడం కూడా చెప్పింది, వంకర వేలు గురించి కూడా. వదిన పేరు మాత్రం ఎత్తలేదు. సూపర్‌వైజరు కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. ఎవరి సొమ్మనుకున్నావు, ఎవరు చెయ్యమన్నారు అని మొదలెట్టి, రేపటి నుంచి పనిలోకి రానక్కర్లేదనే దాకా వెళ్ళాడు. ఆ మాట ఆమె అప్పటికే వదిన నోట విని ఉంది. అందుకని నిలబడే ఉండగలిగింది.

డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. అది లేకపోతే మరీ చిన్నవాడిలా ఉన్నాడు.

"ఎన్ని మగ్గులమ్మా?"

"మొదటి రోజు ఒకటి. రెండో రోజు రెండు. తరవాత రెండు రోజులూ మూడేసి. చివరి మూడు రోజులూ నాలుగేసి."

"అంత కచ్చితంగా ఎలా చెబుతున్నావు?"

కూతురు పొద్దున్నుంచి ఎన్ని ముద్దలు మింగిందో అడిగినా ఇలాగే చెబుతుంది. ఎవరూ అడగరు గాని.

డాక్టరు బయటికి నడిచాడు. తొట్టి దగ్గర ఆమె చేతే మగ్గు ముంచించి కాటా మీద పెట్టించాడు. నాలుగు వందల పది గ్రాములు. మళ్ళీ ముంచమన్నాడు. నాలుగు వందల ఐదు. ఇంకోసారి. నాలుగు వందల పది. ఆమె చెయ్యి ఎప్పుడు ముంచినా అంతే ముంచుతోంది. అతను అక్కడే గోడకి పుస్తకం ఆనించి లెక్క కట్టాడు. మొత్తం ఇరవై ఒక్క మగ్గులు. ఎనిమిదిన్నర కిలోల పైనే. పిల్లకి ఎనభై ఐదు గ్రాముల దాణా.

"ఇది లేకపోతే మూడు వందల ఎనభై దగ్గర ఉండేవి" అన్నాడు నెమ్మదిగా, ఆమెతో కాదు, పుస్తకంతో. "ఎనిమిది గంటలకే అంత దిగేవన్నమాట. నేను రేపు నాలుగు వేలకి పన్నెండు..."

పేజీ అడ్డంగా కొట్టేశాడు. కొట్టేస్తుంటే కలం కాగితాన్ని చీల్చింది.

సూపర్‌వైజరు ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. డాక్టరు అతనికి అడ్డం పడలేదు, ఆమెని వెనకేసుకురాలేదు. అతను ఆగాక, పన్నెండు గంటల సంగతి మరిచిపొమ్మన్నాడు. పక్క షెడ్డులోంచి రెండు వందల పిల్లల్ని తీసి మళ్ళీ రెండు గదుల్లో వెయ్యాలన్నాడు. మిగతావాటికి ఎప్పటిలాగే దాణా ఉండాలి. ఈసారి తనకి ఎనిమిది గంటలు కావాలి, నిజంగా ఎనిమిది. అది తేలాకే ఏదైనా.

"ఎవరు చూస్తారు?" అన్నాడు.

వదినని పెడదామన్నాడు సూపర్‌వైజరు.

"నన్నే పెట్టండి" అంది కంగారమ్మ.

సూపర్‌వైజరు నవ్వాడు. డాక్టరు నవ్వలేదు.

"నీవల్ల అవుతుందా అమ్మా?"

"ఏ వేళకి నా చెయ్యి ఆగదో నాకు తెలుసు సారూ. మిగతావాళ్ళకి వాళ్ళ చేతుల సంగతి ఇంకా తెలీదు."

డాక్టరు ఆ మగ్గుని చేతిలో రెండుసార్లు తిప్పాడు. సూపర్‌వైజరు వైపు చూశాడు. సరే, ఈ వారం గడవనీ, గది సంగతి ఆ తరవాత తేలుద్దాం అని గంటల సారు గొణిగాడు. డాక్టరు మగ్గుని ఆఫీసులోకి తీసుకెళ్ళి, ఎగిరిపోకుండా కాగితాల మీద పెట్టుకున్నాడు.

*

మర్నాడు పొద్దున కొత్త పిల్లల్ని తెచ్చి గదుల్లో వదిలారు. ఆ హడావిడిలో, వారం తరవాత తమ సామాను ఏ చెట్టు కింద ఉంటుందో అన్న దిగులులో కంగారమ్మ కూతురి వెంట పళ్ళెం పట్టుకుని తిరగడం మరిచిపోయింది. పిచ్చుక పెట్టింది సగం తిని, చెయ్యి కడుక్కుని, ఎవరూ ఆపకపోయేసరికి ఒకసారి వెనక్కి తిరిగి చూసి బడికి వెళ్ళిపోయింది.

పదింటికి పళ్ళాలు తీసింది.

పదకొండుకి ఒకటి లేచి గుండ్రటి అచ్చులో నిలబడింది. పన్నెండుకి అచ్చు నిండింది. రెండింటికి నీళ్ళు మారుస్తుంటే పాదాల మీదికి వచ్చి గోళ్ళు పొడిచాయి. వీటిలో వంకర వేలుది లేదు. అయినా ఒక్కొక్కదాని వేళ్ళూ వెతికింది. మూడయ్యేసరికి అరుపు మారింది. ముందు కీచుగా ఉండేది, ఇప్పుడు సన్నగా, ఆగి ఆగి వస్తోంది. ఈ అరుపు ఆమెకి కొత్త.

బకెట్ బోర్లించి దాని మీద కూచుంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

జాలీ అవతల నుంచి వదిన ఆమె మొహం చూసి, తన పళ్ళాల పని చూసుకుంది. ఈసారి విందు మాట ఎత్తలేదు.

మూడున్నరకి కొన్ని నడవడం మానేసి కూచున్నాయి. కొన్ని ఒకదాని వీపు మీది నూగు ఒకటి పొడుస్తున్నాయి. ఎన్ని కూచున్నాయో, ఎన్ని పొడుస్తున్నాయో లెక్కపెట్టి, గోడ మీద సుద్దముక్కతో రాసింది. ఎవరూ రాయమనలేదు. రాసి మళ్ళీ చేతులు కిందికి పెట్టుకుంది.

నాలుగింటికి తలుపు దగ్గర అడుగుల చప్పుడైంది.

"అమ్మా, ఆకలేస్తోంది" అంది పిచ్చుక, మందునీళ్ళ తొట్టికి అవతల నుంచి.

ఎనిమిదేళ్ళలో ఆ మాట ఆ నోటి నుంచి వినడం అదే మొదటిసారి. కంగారమ్మ లేవబోయింది. తలుపు దాకా వెళితే దాణా తొట్టి దాటాలి. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ దాటాలి.

"డబ్బా గట్టు మీద ఉంది. మూత తీసుకుని నువ్వే తిను" అంది, కూచున్న చోటి నుంచే.

మూత తీసిన చప్పుడు వినపడింది. పిల్ల నిలబడే తింటోంది, బుగ్గలు మార్చకుండా, చీమల్ని లెక్కపెట్టకుండా. ఇక్కడ ఒక కోడిపిల్ల గుంపులోంచి విడిపడి వచ్చి ఆమె బొటనవేలి గోరు పొడిచింది. మళ్ళీ పొడిచింది.

గోడ గడియారంలో ఆరు కావడానికి ఇంకా రెండు గంటలున్నాయి. ఆమె చేతులు తొడల కింది నుంచి తియ్యలేదు.